హేమలత నాపు రవిక

హేమలత పోయిందని తెలిసిన పూట నేను జొన్నరొట్టె ఒకటి ఎక్కువే తిన్నాను. ఈ మాట రాయడానికి నాకేమీ సిగ్గుగా లేదు. మా పీజీ సెంటర్ పాత విద్యార్థులంతా ఫోన్‌లో ఒక గుంపు కట్టుకున్నారు. పొద్దున్నే అందులో పూలదండ వేసిన ఆమె ఫోటో, దాని కింద వరుసగా ఓం శాంతులు, దండం పెడుతున్న చేతుల బొమ్మలు వచ్చిపడ్డాయి. మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుముఖమే, చేతికి ఎముక లేదు అని ఒకరి తరువాత ఒకరు రాస్తున్నారు. నేను ఫోన్ బోర్లా పెట్టి, పుండికూరలో ఇంకాస్త నూనె పోసుకుని, రెండో రొట్టె తుంచాను. మా ఆయన చూసి, "ఏంది, ఇయ్యాల గింత ఆకలైతున్నది?" అన్నాడు. "పాత ఆకలి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయనకు హేమలత కథ చెప్పలేదు నేను. ఎవరికీ చెప్పలేదు. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు గానీ, ఉన్నన్నాళ్ళూ ఆమె గురించి నోరెత్తే ధైర్యం లేకపోయింది, ఇప్పుడు కూడా మూసుకోవాలంటే ఎట్లా? ఆ గుంపులో రాయలేని ఓం శాంతికి బదులు నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం రాస్తున్నాను.

మేము రాయచూరు వాళ్ళం, పాత ఊరి వాళ్ళం. తీన్ కందీల్ దగ్గరి గల్లీలో ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. నాయన దర్జీ, ఆయన తండ్రీ దర్జీయే. ఊళ్ళో అందరూ నాయనను మాస్టర్ అనేవాళ్ళు. మా ఇంట్లో తెల్లవారడమంటే ఇస్త్రీపెట్టెలో బొగ్గు రాజేసిన వాసన. ఆ వెంటనే మిషన్ నూనె, కొత్త గుడ్డల గంజి వాసన. అన్నం పళ్ళెంలో దారపుపోగు కనబడితే తీసి పక్కన పెట్టి తినడం తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నాయన మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది గానీ, అది మగవాళ్ళ చొక్కాలకే. ఆడవాళ్ళ ఒంటి మీద టేపు పెట్టడం మా తాత కాలం నుంచీ లేదు. వాళ్ళు ఒంటికి బాగా కుదిరిన పాత రవిక ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్ని మేం నాపు రవిక అంటాం. నాయన దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, కత్తెర వేస్తాడు. కుట్టాక తొడుక్కుని చూడమని ఆయన ఎవరినీ అడగలేదు, ఎవరూ చూసేవాళ్ళు కాదు. మాస్టర్ కుట్టాడంటే కుదిరినట్టే. కుట్టగా మిగిలిన ముక్కలు, కత్రన్ అంటాం, వేలెడంత ఉన్నా మూటగట్టి ఆ బట్టతోపాటే తిరిగి ఇచ్చేసేవాడు. దుకాణం ఊడ్చిన చెత్తలో రంగు గుడ్డ ముక్క కనబడితే అమ్మను కేకలేసేవాడు.

ఆ కేకల వెనక ఒక కట్టుబాటు ఉంది. దుకాణానికి వచ్చిన గుడ్డలాంటి గుడ్డ మా ఇంటి ఆడవాళ్ళ ఒంటి మీద కనబడకూడదు. సొంత సొమ్ముతో కొన్నదైనా సరే. చూసినవాళ్ళు కొన్నదనుకోరు, కత్రన్ దాచుకున్నారనుకుంటారు. మా అవ్వ, అంటే నాయన తల్లి, బతికినన్నాళ్ళూ ముదురెరుపు అంచున్న నల్ల ఇల్కల్ చీరలే కట్టింది. అమ్మవి పువ్వూ పిందే లేని ఒట్టి రంగుల చీరలు. నేనూ అంతే, గోధుమరంగు లంగా, తెల్ల రవిక, బడిదుస్తులకు ఇంటిదుస్తులకు పెద్ద తేడా లేదు. ఊరందరి రంగులూ మా ఇంటికొచ్చి, రెండ్రోజులుండి, మడతపెట్టుకుని వెళ్ళిపోయేవి. పండగ ముందు గోడకు కొట్టిన చిలకకొయ్యలకు పట్టు రవికలు వేలాడుతుంటే నేను కింద కూర్చుని వాటికి హుక్కులు కుట్టేదాన్ని. చిన్నప్పుడే నా మనసులో ఒక కసి పడింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను, ఆ రంగుల మీదే అనుకుంటాను.

కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు లేచాక మా ఊరి నడక మారింది. ఆదివారం వస్తే కాలనీ బస్సు దిగి ఎక్కడెక్కడి ఆడవాళ్ళో బజారుకు వచ్చేవాళ్ళు. మోచేతి దాకా బుట్టచేతులు, గొడుగులా విచ్చుకునే చుడీదార్లు, నడుం మీద బెల్టులా కుట్టిన పట్టీలు. మేం ఆడపిల్లలం కిటికీల్లోంచి బస్సు కోసం చూసేవాళ్ళం. నాయన మొదట్లో విసుక్కున్నాడు. "ఏంది గీ గోనెసంచులు, మనిషి యాడున్నది ఇండ్ల?" అనేవాడు. తరువాత ఒక కాలనీ ఆమె చిరిగిన చుడీదార్ బాగుచేయమని తెస్తే, దాన్ని పూర్తిగా కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, ఒక పూటంతా దాని చుట్టూ తిరిగి మళ్ళీ కుట్టాడు. ఆ మరునాటి నుంచి ఆయనకు చుడీదార్లు కుట్టడం వచ్చేసింది. ప్లాంటులో బూడిద పనికి కూలీలను పెట్టే ఒక కాంట్రాక్టరు వాళ్ళ ఖాకీ చొక్కాలన్నీ నాయనకే ఇచ్చేవాడు. ఆ కాంట్రాక్టరు కూతురే హేమలత.

వాళ్ళది జవళగేర దగ్గర క్యాంపు, వలసొచ్చిన రైతుల ఊళ్ళను మా వైపు అట్లాగే అంటాం. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించిన కుటుంబం. పొలం చూసుకుంటూనే తండ్రి ప్లాంటులో కాంట్రాక్టులు పట్టాడు, కాలనీ పక్కన బంగళా కట్టాడు. పీజీలో ఎకనామిక్స్‌కు నేనూ ఆమే ఒక తరగతి. నేను మొదటిరోజు గోధుమరంగు లంగా మీద తెల్ల వోణీ వేసుకుని, బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళాను. ఆమె జీపు దిగింది. నేను ఏదో అడిగితే, తల పక్కకు వంచి విని, "నువ్వు తెలుగు దానివా? మాటలు వింటే కన్నడం అనుకున్నాను సుమా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ తెల్ల వోణీని ఒక్క నెలలో వదిలేశాను. స్టేషన్ రోడ్డులో టార్పాలిన్ పరిచి కట్ పీసులు అమ్మే అతను ఉండేవాడు. మిల్లుల్లో తానుల చివర మిగిలిన ముక్కలు. మీటరు, మీటరుంబావు, అంతకు మించి ఒక ముక్క దొరకదు. ఒక ముక్కతో కమీజు కాదు గనుక రెండు ముక్కలు కలిపేదాన్ని. ఒళ్ళు ఒక రంగు, చేతులు ఇంకో రంగు. ఊళ్ళో ఎవరి ఒంటి మీదా లేనివి, మా దుకాణానికి రానివి ఏరుకోవడం నా పని. ఇంట్లో కట్టుబాటు తప్పకుండానే రంగులు తొడుక్కునే దారి దొరికిందని పొంగిపోయాను. ఖాకీ చొక్కాలు కుట్టీ కుట్టీ జేబు వెయ్యడం నాకు కళ్ళు మూసుకున్నా వచ్చేది. ఆడపిల్లల బట్టకు జేబు ఎందుకుండదు అనిపించి, కమీజు పక్క కుట్టులో లోతుగా జేబు పెట్టాను. అందులో పెన్ను, బస్సు పాసు, గుప్పెడు వేయించిన పల్లీలు. తరగతిలో మొదటి బెంచీ పిల్ల చెయ్యి పెట్టి చూసింది, తరువాత ఇంకొకతె. పదిహేను రోజుల్లో ముగ్గురు తమ చుడీదార్లకు జేబులు కుట్టమని నాకిచ్చారు. "పద్మ, నీదాని లెక్కనే రెండు రంగులు పెట్టు" అని గబ్బూరు పిల్ల ఒకతె సొంత గుడ్డ తెచ్చింది. అద్దంలో నన్ను నేను నిలబడి చూసుకోవడం ఆ రోజుల్లోనే మొదలైంది. వెడల్పు భుజాలని అమ్మ దిగులుపడేది గానీ, భుజాల దగ్గర ముదురు రంగు వేస్తే అవి నాకే అందమని కనిపెట్టాను. ఎవరూ నేర్పలేదు. ఈ చదువులో నాకు మార్కులు వేసేవాళ్ళు లేరు గానీ, ఎకనామిక్స్‌లో కంటే ఇందులోనే నేను బాగా పాసయ్యాను.

హేమలత బట్టలు విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చేవి. అప్పటిదాకా ఆమె ఏది తొడుక్కొస్తే పిల్లలంతా దాని చుట్టూ మూగేవాళ్ళు. నా జేబులొచ్చాక ఆమె చుట్టూ పల్చబడింది. ఒకరోజు నా కమీజు చేతులు చూసి, "గుడ్డ చాలలేదా పాపం?" అంది. "చాలకనే గదా గింత మంచిగొచ్చింది" అన్నాను. పిల్లలు ఈసారి నా వైపు నవ్వారు. ఆ నవ్వు నాకు తలకెక్కింది.

ఆమె చిలకపచ్చ మీద నల్ల మామిడిపిందెలున్న సిల్కు గుడ్డ ఒకటి తెచ్చి నాయన దగ్గర చుడీదార్ కుట్టించుకుంది. నాయన కుట్టి, కత్రన్ మూటగట్టి, ఆమె చేతికే ఇచ్చాడు. మూటకు ముడి వేసింది నేనే. తరువాత కొన్నాళ్ళకు కట్ పీసుల టార్పాలిన్ మీద అదే చిలకపచ్చ, అవే పిందెలు, ముప్పావు మీటరు ముక్క కనబడింది. అది ఆమె గుడ్డలాంటిదని నాకు చూసిన క్షణమే తెలుసు. మా ఇంటి కట్టుబాటు కూడా తెలుసు. తెలిసీ కొన్నాను. నువ్వు హైదరాబాదు నుంచి తెచ్చి ఒళ్ళంతా కుట్టించుకున్నదాన్ని నేను నా చేతులకు వేసుకుని నీకంటే బాగుంటాను చూడు అని చూపించాలనిపించింది. నల్ల కమీజుకు ఆ పచ్చ చేతులు కుట్టాను. అవ్వ చూసింది. "బ్యాడవ్వా బ్యాడ, వద్దే. అది మన దుకాన్‌ల కొచ్చిన గుడ్డ తీరున్నది. ఇప్పెయ్" అంది. "నేను కొన్నదే అవ్వా" అని బస్సుకు పరిగెత్తాను.

తరగతుల మధ్యలో వరండాలో హేమలత నా మోచేయి పట్టుకుంది. గుడ్డను రెండు వేళ్ళతో నలిపి చూసింది. "ఇది నా గుడ్డే" అంది, అందరికీ వినబడేలా. "అదీ సంగతి! మీ నాన్న మా ముక్కలు మిగుల్చుకుని నీకు చేతులు కుడుతున్నాడన్నమాట. మేమేమో మాస్టారు మాస్టారు అని నెత్తిన పెట్టుకుంటున్నాం." నేను కట్ పీసుల కాడ కొన్నానన్నాను. "అవునులే, హైదరాబాదు గుడ్డ రాయచూరులో రోడ్డు మీద పోస్తారు మరి" అంది. నేను జేబులు కుట్టిపెట్టిన పిల్లలు ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఒకతె తన జేబులోంచి చెయ్యి మెల్లగా బయటకు తీసుకుంది, అది నేను చూశాను. ఆ మధ్యాహ్నం నుంచి ఇంకెవరూ నా దగ్గర జేబు కుట్టించుకోలేదు.

ఆ మాట నాకంటే ముందు ఇంటికి చేరింది. ఎవరో గిరాకి వచ్చి నాయనతో అన్నారట. నేను వెళ్ళేసరికి మిషన్ ఆగి ఉంది. గిరాకీల వేళ మా మిషన్ ఆగడం నేనెన్నడూ చూడలేదు. నాయన నా చేతుల వైపు చూసి, "బిడ్డా, నువ్వు తీసినవా?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన నోట రావడమే నాకు పెద్ద దెబ్బ. లేదన్నాను. కొన్న సంగతి చెప్పాను. ఆయన నమ్మాడు. "నువ్వు తియ్యలేదని నాకు ఎర్కే. గాని ఊరికి ఎట్ల ఎర్కైతది? గందుకే గద మనింట్ల గా రివాజు పెట్టుకున్నది. ఇజ్జత్ పోయినాంక గుడ్డ కొన్నవా తీసినవా అని ఎవ్వడు అడుగుతడు?" అన్నాడు. కేకలెయ్యలేదు. నా చేత ఆ పచ్చ చేతులు విప్పించి, కాగితంలో చుట్టి, మరునాడు నన్ను వెంటబెట్టుకుని కాలనీ బస్సెక్కాడు.

హేమలత వాళ్ళ వరండాలో కుర్చీల మీద సన్నగా బూడిద పేరుకుని ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు గనుక తుడవాల్సిన పని లేకపోయింది. హేమలత తల్లి బయటకు వచ్చింది. నాయన కాగితం విప్పి చూపించి, గుడ్డ ఎక్కడ కొన్నామో చెప్పి, "అమ్మా, మీ గుడ్డల పోగు గూడ నేను ఉంచుకోలె. గీ పొల్ల తెలివితక్కువతనం" అన్నాడు. తల్లి ఏదో సర్దిచెప్పబోయింది. లోపలి నుంచి హేమలత జామకాయ కొరుక్కుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "పోనీలెండి మాస్టారూ, రెండు ముక్కలే కదా. ఉంచుకోమనండి. నేనేం అనుకోను" అంది. నవ్వుతూనే అంది, ఆ నవ్వుముఖాన్నే ఇప్పుడు అందరూ తలచుకుంటున్నారు. చెయ్యని దొంగతనాన్ని ఆమె క్షమించేసింది. నాయన రెండు చేతులూ జోడించాడు. నా నాయన, తాత చేతి కత్తెర పట్టిన మనిషి, ఒక పిల్ల జామకాయ ముందు చేతులు జోడించాడు. నీకు ఇది తిరిగి ఇవ్వకపోతే నేను మాస్టర్ కూతుర్నే కాదు అని ఆ గుమ్మం దగ్గరే అనుకున్నాను.

ఏడాది ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదంతా మళ్ళీ గోధుమరంగు లంగాలే కట్టి, తలవంచుకుని పరీక్షలు రాశాను. హేమలతకు పెళ్ళి కుదిరింది. ఆమె తల్లి స్వయంగా మా దుకాణానికి వచ్చింది. "పిల్ల మాటలు మనసులో పెట్టుకోకండి మాస్టారూ. మీ చేతి కుట్టు లేకుండా మా ఇంట్లో పెళ్ళా?" అంటూ ఎనిమిది పట్టు రవికల గుడ్డలు, ఒక నాపు రవిక బల్ల మీద పెట్టింది. ఆమె వెళ్ళాక నాయన ముఖం చూడాలి. అవ్వను పిలిచి, "సూసినవా అమ్మా, ఇజ్జత్ వాపస్ వచ్చింది" అన్నాడు. పెళ్ళిబట్టకు మంచిరోజు చూసి కత్తెరకు పసుపు కుంకుమ పెట్టి, కూర్చున్న చోటు నుంచి లేవకుండా అన్నీ కోయడం మా ఇంటి పద్ధతి. గురువారం అనుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం నాయన అన్నం తిని కునుకు తీస్తుంటే నేను ఆ నాపు రవిక తీశాను. దర్జీ కూతురికి ఎక్కడ తియ్యాలో తెలుసు. పక్క కుట్లు బిగిస్తే లాభం లేదు, నాయన ప్రతి రవికకూ పక్కల్లో రెండు వేళ్ళ గుడ్డ లోపల వదులుతాడు, విప్పుకుంటే సరిపోతుంది. భుజం దగ్గర అట్లా కాదు. అక్కడ గుడ్డ తగ్గితే చంక ఇరుకవుతుంది, చంక దగ్గర ఒకసారి కత్తెర పడితే దానికి మందు లేదు. రెండు భుజాల కుట్లూ విప్పి, అర వేలు లోపలికి వేసి, అదే రంగు పాత దారంతో మళ్ళీ కుట్టాను. ఇస్త్రీ కూడా చేసి మడతపెట్టాను. అంత ఒద్దికగా నేను ఏ పనీ చెయ్యలేదు.

మరునాడు నాయన నాపు రవికను మొదటి గుడ్డ మీద పరిచి, సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాడు. రవికను ఎత్తి చూశాడు, మళ్ళీ పరిచాడు. "గా పొల్ల భుజం ఇంత చిన్నగ ఉండదు గదా. నా కంటికి ఇంక కొంచెం పెద్దగ యాదికున్నది" అన్నాడు, నాతో కాదు, తనలో తాను. నేను హుక్కుల డబ్బా సర్దుతూ, "పెండ్లి దగ్గరికొచ్చింది గద నాయినా, సన్నబడ్డదేమో" అన్నాను. ఆయన ఇంకో నిమిషం చూశాడు. తరువాత, "నాపు అబద్ధం చెప్తదా? నా కన్నే తప్పు" అని గీత గీసి కత్తెర వేశాడు. ఎనిమిదీ కోశాడు. ఆ మధ్యాహ్నమే నేను నాపు రవిక భుజాలు విప్పి, మునుపటి కుట్టుగీత మీదే మళ్ళీ కుట్టి, ఎట్లా ఉన్నదాన్ని అట్లా చేసి పెట్టాను. ఎవరికీ అనుమానం రాకూడదని. అంటే, నా మీద.

పెళ్ళికి క్యాంపుకు మేమూ వెళ్ళాం, నాయన పట్టుబట్టి తీసుకెళ్ళాడు. మాస్టర్ కుట్టిన రవికను ముందు తొడుక్కుని చూసేవాళ్ళు లేరని చెప్పాను కదా, మూట పెళ్ళినాటి పొద్దున్నే విప్పారట. ఎనిమిదిలో ఒక్కటీ చేతులు దాటి పైకి పోలేదు. ఒకటి బలవంతంగా ఎక్కించబోతే చంక దగ్గర పట్టు చర్రున చీలింది. నాపు రవిక వెలిసిపోయిన పాతది గనుక, హేమలత పిన్నిగారి రవిక, ఆమెకు రెండింతలు ఉంటుంది, వెనక పిన్నీసులు గుచ్చి తొడిగారు. పీటల మీద పెళ్ళికూతురు చేతులు కదపలేక, పిన్నీసు గుచ్చుకున్నప్పుడల్లా ముఖం ముడుచుకుంటూ కూర్చుంది. ఫోటోలు తీసే అతను నవ్వమ్మా నవ్వమ్మా అంటున్నాడు. రంగు కలవని ఆ వదులు రవిక జారుతుంటే ఆమె కళ్ళనిండా నీళ్ళు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పంక్తిలో కూర్చుని బూందీ లడ్లు రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆ లడ్డు రుచి అబద్ధమని ఇప్పుడు రాస్తే నేనూ గుంపులో ఓం శాంతి పెట్టేవాళ్ళలో ఒకదాన్ని అవుతాను. చాలా బాగుంది. నాయన మాత్రం ఎదుటి వరసలో ఉండి ఆకులో వడ్డించింది ముట్టుకోలేదు. ఆయన కళ్ళు పెళ్ళిపీటల మీదే ఉన్నాయి.

వారం తిరక్కుండా హేమలత తల్లి దుకాణానికి వచ్చింది. గిరాకీలు నలుగురున్నారు. నాపు రవిక, కొత్త రవిక పక్కపక్కన బల్ల మీద పరిచింది. "చూడండి మాస్టారూ, మీరే చూడండి. పగబట్టి కుట్టారా?" అంది. నాయన ఒకదాని మీద ఒకటి పెట్టాడు. భుజం దగ్గర అర వేలు తేడా. వేలు పెట్టి కొలిచాడు, తీసి మళ్ళీ పెట్టాడు. నేను లోపలి గది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయన, "పగ లేదమ్మా. నాదే తప్పు. నాపు బరాబర్ ఉన్నది, నా కన్ను మోసం జేసింది" అన్నాడు. కోసేముందు నిజం చెప్పింది ఆయన కన్నొక్కటే. దాన్నే ఆయన అందరి ముందూ దోషిని చేశాడు.

మరుసటి వారం కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చాడు. చూపుకేం దోషం లేదని డాక్టరు అన్నాడట. ఆ మాట అమ్మకు సంతోషంగా చెప్తాడేమో అనుకున్నాను. "కన్ను మంచిగనే ఉన్నదంట. అంటే చెయ్యి పోయిందన్నట్టు" అన్నాడు. ఆ తరువాత ఆడవాళ్ళ బట్ట కోయలేదు. నాపు రవిక తెచ్చినవాళ్ళకు నా చెయ్యి తప్పుతున్నది, వేరే కాడికి పొండి అని తానే చెప్పి పంపేవాడు. కాంట్రాక్టరు ఖాకీ చొక్కాలు ఆగిపోయాయి. దిండు గలీబులు, బడి సంచులు, పరదాలు కుట్టేవాడు, అన్నీ సూటిగా పోయే కుట్లు. గోడ చిలకకొయ్యలు ఖాళీ అయ్యాయి. ఒకరోజు అవ్వ తన మామూలు గొంతుతోనే, "పద్దీ, ఇగ నీ ఇష్టమొచ్చిన రంగు తొడుక్కోవే. ఎవ్వరి గుడ్డనూ పోలదు, ఇంట్ల గుడ్డే లేదు" అంది. దెప్పిందో, నిజంగానే అనుమతి ఇచ్చిందో నాకు తెలియదు. ఆమెకు తెలుసునేమో అని మాత్రం అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది.

ఇప్పటి పిల్లలకు ఈ గొడవ లేదు. మా కోడలు ఫోన్‌లో బొమ్మ చూసి, అక్షరాన్ని బట్టి సైజు పెట్టి బట్టలు తెప్పిస్తుంది. కుదరకపోతే అదే పెట్టెలో పెట్టి వెనక్కి పంపుతుంది, ఎవరి కన్నూ చెయ్యీ పోవు. ఆడపిల్లల కుర్తాలకు జేబులు గొప్పగా చెప్పి అమ్ముతున్నారు. ఒకే గుడ్డను ఇద్దరు కట్టుకుంటే ఫోటో తీసుకుంటారే తప్ప దొంగ అనరు. మంచికాలమే. నాకు ఈ కాలం మీద ఏ ఫిర్యాదూ లేదు. ఇంత తేలిక కాలం ఒకటి రాబోతున్నదని తెలియక, అర వేలు గుడ్డ కోసం మేం అంతంత పగలు పట్టామే అని చిరాకు. హేమలత ఆ తరువాత ఎన్ని పట్టురవికలు తొడిగి ఉంటుందో లెక్కలేదు. ఆమెకు నా దెబ్బ ఒక్క పూట తగిలింది. ఆ పూటే నా చేతికి దక్కింది, అది చాలదని ఇప్పటికీ అంటాను. ఆమె మా నాయన చేతిని దొంగచెయ్యి అన్నది, నేను దాన్ని తప్పుచెయ్యి చేశాను. ఇద్దరిలో ఎవరి మీద కోపం ఎక్కువని ఎవరైనా అడిగితే హేమలత మీదే అంటాను. అట్లా అనకపోతే నాకు నిద్ర పట్టదు.

లింగసుగూరు కాలేజీలో నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చినప్పుడు నాయన ఆడవాళ్ళ బట్టకు కత్తెర మళ్ళీ తీశాడు. మొదటిరోజు కట్టుకునే చీరకు రవిక తానే కుడతానన్నాడు. నా పాత రవిక నాపు ఇవ్వబోతే వద్దని తలూపి, మెడలోంచి టేపు తీశాడు. ఆడమనిషి మీద ఆయన టేపు పెట్టడం నేను చూడటం అదే మొదలు. భుజం కొలిచి కాగితం మీద రాసుకున్నాడు, మళ్ళీ కొలిచాడు, మూడోసారి కొలిచాడు. మూడుసార్లూ ఒకటే వచ్చినా అమ్మను పిలిచి, "నువ్వు జర సూడు" అన్నాడు. కుట్టడానికి నాలుగు రోజులు పట్టింది. తొడుక్కుని బయటకు వచ్చాను. అచ్చు నా ఒంటికి పోతపోసినట్టుంది. చెయ్యెత్తితే ఎక్కడా లాగలేదు, దింపితే ఎక్కడా ముడత పడలేదు. అంత మంచి కుట్టు నాకు మళ్ళీ ఎవరూ కుట్టలేదు.

"బరాబర్ ఉన్నదా?" అన్నాడు.

"మస్తున్నది నాయినా."

"నిజం చెప్పు బిడ్డా. నా మనసు కష్టపడుతదని అంటలేవు గద?"

నిజం నాలుక మీదికి వచ్చింది. ఆయన ముఖం చూశాను. "నిజమే నాయినా. సరిగ్గున్నది" అన్నాను. అది కూడా నిజమే. నాయన తలాడించాడు గానీ నమ్మలేదు. దగ్గరకు వచ్చి, నా భుజం కుట్టు మీద వేలు పెట్టి, ఇంకోసారి కొలుచుకున్నాడు.